తొట్టిలో పడక.. పడక కింద పెట్టె
చిన్న సరుకు బండి చోదకులకు రెండు చెక్కపెట్టెలతో విశ్రాంతి ఏర్పాటు

విశాఖపట్నం: రేవులో సరుకు ఎప్పుడు చేతికందుతుందో, కర్మాగారం గేటు ముందు బండ్ల వరుస ఎప్పుడు కదులుతుందో సరుకు బండి చోదకుడికి ముందుగా తెలియదు. చేపలరేవుకు వేకువనే చేరాలంటే అర్ధరాత్రి లేవాలి. అనకాపల్లి బెల్లం మార్కెట్‌కు దిమ్మలు తెచ్చినా, పూర్ణామార్కెట్‌కు కూరగాయలు చేర్చినా దిగుమతి అయ్యేదాకా అక్కడే పడిగాపులు కాయాలి. ఈ మధ్యలో నడుం వాల్చడానికి పెద్ద లారీలో సీటు వెనక బల్ల ఉంటుంది. టాటా ఏస్‌, బొలెరో వంటి చిన్న బండ్లలో ఆ సదుపాయం ఉండదు. చోదకుడు ముడుచుకుని సీటుమీదే పడుకుంటాడు. లేదంటే బండి కింద నీడ వెతుక్కుంటాడు.

ఈ ఇబ్బందికి పెద్ద ఖర్చు లేని పరిష్కారం బండి తొట్టిలోనే ఉంది. రెండు చెక్కపెట్టెలు చేయించి పక్కపక్కన పేరిస్తే మనిషి పడుకునే పడక అవుతుంది. అదే పెట్టెల్లో దుస్తులు, పనిముట్లు, తాళ్లు భద్రంగా ఉంటాయి. సరుకు ఎక్కించే వేళ పెట్టెలను ఒకదానిమీద ఒకటి పెడితే తొట్టి ఖాళీ అవుతుంది. బండికి వెల్డింగు చేయనక్కరలేదు, రేకుకు చిల్లు పెట్టనక్కరలేదు. అయితే కొలతల్లో, కట్టులో, గాలి ఆడే ఏర్పాటులో అశ్రద్ధ చేస్తే మేలుకు బదులు కీడు జరుగుతుంది.

బండ్లు పెరిగాయి.. పడక పెరగలేదు

విశాఖ ఓడరేవు 1933లో ప్రారంభమైంది. ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ శంకుస్థాపన చేయగా, 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి.నరసింహారావు దానిని జాతికి అంకితం చేశారు. 2009లో గంగవరం రేవు కూడా తోడైంది. బొగ్గు, ఇనుప ఖనిజం వంటి భారీ సరుకు ఎక్కువగా రైళ్లమీద, పెద్ద లారీలమీద సాగుతుంది. ఊరిలోపల, ఊరి చుట్టుపక్కల పంపిణీ మాత్రం చిన్న బండ్ల పని. 2005లో టాటా ఏస్‌ విపణిలోకి వచ్చాక ఇరుకు వీధులకు సైతం నాలుగు చక్రాల సరుకు బండి చేరింది. అప్పు తీసుకుని కొనుక్కున్న యజమానే చోదకుడు కావడం ఈ బండ్లలో మామూలు విషయం. వాయిదా కట్టాలంటే తిప్పే ట్రిప్పులు పెంచాలి. ట్రిప్పులు పెరిగేకొద్దీ నిద్ర తరుగుతుంది.

నగరంలో తిరిగే బండి అంటే రాత్రికి ఇంటికి చేరుతుందని అనుకోవడం సహజం. వాస్తవం వేరు. గాజువాకలో ఇనుప చువ్వలు ఎక్కించుకున్న బండి శ్రీకాకుళం దాకా వెళ్లవచ్చు. అరకు, పాడేరు ఘాట్‌లు దిగి వచ్చిన కూరగాయల బండి తెల్లవారేదాకా మార్కెట్‌ పక్కన ఆగవచ్చు. తిరుగు కిరాయి దొరికేదాకా తుని వద్దో, టెక్కలి వద్దో కాచుకోవలసి రావచ్చు. ఇంటికి దూరంగా రాత్రి గడపడం పెద్ద లారీ చోదకులకే పరిమితమైన కష్టం కాదు.

నిద్ర లేమి.. మత్తుతో సమానం

నిద్ర ఆపుకుని బండి నడపడం ఎంత ప్రమాదమో తేల్చిన పరిశోధనలు ఉన్నాయి. 17 గంటలపాటు ఏకధాటిగా మేల్కొన్న మనిషి చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాలు ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించారు. మన మోటారు వాహనాల చట్టం ప్రకారం 30 మిల్లీగ్రాములు దాటితేనే నేరం. అంటే ఉదయం 5 గంటలకు లేచి రాత్రి 10 దాటాక కూడా స్టీరింగ్‌ పట్టిన వ్యక్తి, చుక్క మద్యం తాగకపోయినా తాగినవాడితో సమానమన్నమాట. మద్యాన్ని పట్టించే యంత్రం పోలీసుల వద్ద ఉంది. నిద్రమత్తును పట్టించే యంత్రం రోడ్డుమీద లేదు.

లారీ చోదకుల స్థితిగతులపై సేవ్‌లైఫ్‌ ఫౌండేషన్‌ 2020లో ఒక అధ్యయనాన్ని విడుదల చేసింది. అలసట ఉన్నా, నిద్ర ముంచుకొస్తున్నా బండి నడుపుతూనే ఉంటామని అందులో దాదాపు సగం మంది చెప్పారు. తెల్లవారుజామున 2 నుంచి 5 గంటల మధ్య, మళ్లీ మధ్యాహ్న భోజనం తర్వాత శరీరం సహజంగానే నిద్ర కోరుతుంది. ఆ సమయంలో కిటికీ అద్దం దించడం, టీ తాగడం, పాటలు పెట్టుకోవడం కాసేపే పనిచేస్తాయి. నిద్రకు మందు నిద్రే. 15 నుంచి 20 నిమిషాల కునుకు కూడా చురుకుదనాన్ని తిరిగి తెస్తుంది. అయితే కునుకు తీయాలంటే ముందు కాళ్లు చాపుకునే చోటు కావాలి.

చట్టం ఎక్కడిదాకా వచ్చింది?

మోటారు రవాణా కార్మికుల చట్టం-1961 రోజుకు 8 గంటల పనినే నిర్దేశించింది. 5 గంటల పని తర్వాత కనీసం అరగంట విరామం ఇవ్వాలని, ఒకరోజు పని ముగిసి మరునాడు మొదలయ్యేలోగా వరుసగా 9 గంటల విశ్రాంతి ఉండాలని పేర్కొంది. ఈ చట్టం వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌-2020లో కలిసిపోయింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన ఆ కోడ్‌ కూడా రోజుకు 8 గంటల పరిమితినే ఉంచింది. జీతానికి పనిచేసే చోదకుడికి కాగితంమీదైనా ఈ రక్షణ ఉంది. సొంత బండి నడుపుకొనేవాడికి పని గంటలు లెక్కపెట్టేవారు లేరు.

చోదకుడి క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేస్తూ కేంద్రం 2023 డిసెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. కొత్తగా తయారయ్యే ఎన్‌-2, ఎన్‌-3 తరగతుల సరుకు వాహనాలకు ఇది వర్తిస్తుంది. సరుకుతో కలిపి మొత్తం బరువు మూడున్నర టన్నులు దాటినవే ఈ తరగతుల్లోకి వస్తాయి. అంతకు లోపున్న చిన్న బండ్లు ఎన్‌-1 తరగతి. వాటికి ఈ నిబంధన లేదు. అంటే విశాఖ ఉక్కపోతలో రోజంతా తిరిగే చిన్న బండికి చల్లగాలీ లేదు, పడకా లేదు.

విదేశాల్లో పద్ధతి వేరుగా ఉంది. ఐరోపా దేశాల్లో నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగి తీరాలి. అమెరికాలో లారీల పడకకు కనీస కొలతలను నిబంధనల్లోనే రాశారు. 75 అంగుళాల పొడవు, 24 అంగుళాల వెడల్పు, పరుపుమీద 24 అంగుళాల ఎత్తు ఖాళీ ఉండాలి. అంటే ఆరడుగుల మూడంగుళాల పొడవు, రెండడుగుల వెడల్పు. ఈ కొలత మన చిన్న బండి తొట్టిలో సునాయాసంగా ఇముడుతుంది.

రెండు పెట్టెలు.. ఒక పడక

టాటా ఏస్‌ తొట్టి పొడవు సుమారు ఏడడుగులు, వెడల్పు అయిదడుగులకు కాస్త తక్కువ. పక్క రేకుల ఎత్తు దాదాపు అడుగు. బొలెరో పికప్‌లలో రకాన్ని బట్టి తొట్టి ఎనిమిది నుంచి పదడుగుల దాకా ఉంటుంది. ఒకే పేరున్న బండిలోనూ ఏడాదిని బట్టి కొలతలు మారతాయి కనుక వడ్రంగి వద్దకు వెళ్లే ముందు టేపుతో కొలుచుకోవాలి. చక్రాలపైన లోపలికి ఉబ్బిన రేకు ఉంటే అది వదిలి కొలవాలి.

ఒక్కో పెట్టె పొడవు 38 అంగుళాలు, వెడల్పు 24 అంగుళాలు, ఎత్తు 12 అంగుళాలు. రెంటినీ పొడవుగా కలిపితే 76 అంగుళాలు, అంటే ఆరడుగుల నాలుగంగుళాలు. సగటు మనిషికి కాళ్లు ముడుచుకోవలసిన పని ఉండదు. తొట్టి ఒక పక్కకు ఆనించి పెడితే రెండో పక్క రెండున్నర అడుగులకు పైగా ఖాళీ మిగులుతుంది. పడక ఎత్తు పక్క రేకుతో సమానంగా ఉంటుంది కాబట్టి గాలి తగులుతుంది. ఎండకు కాలిన ఇనుప నేల వేడి నేరుగా వీపుకు తాకదు.

12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ దీనికి చాలు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న రెండు పలకల్లో రెండు పెట్టెలూ తయారవుతాయి. మొదటి పలకను 38, 24 అంగుళాల కొలతతో నాలుగు ముక్కలుగా కోస్తే రెండు అడుగుభాగాలు, రెండు మూతలు వస్తాయి. మిగిలిన ముక్కలో రెండు చిన్న పక్కలు కోయవచ్చు. రెండో పలకలో నాలుగు పొడుగు పక్కలు, మరో రెండు చిన్న పక్కలు వస్తాయి. లోపల నాలుగు మూలలా అంగుళంన్నర చదరపు కర్ర నిలువుగా బిగించాలి. మూతకు లోపలివైపు మధ్యలో ఒక అడ్డకర్ర తప్పనిసరి. అది లేకపోతే మనిషి బరువుకు మూత కుంగి, నెలల్లోనే విరుగుతుంది.

కర్రలు, బందులు, గడియలు కలుపుకొని రెండు పెట్టెల బరువు 40 కిలోల దాకా ఉంటుంది. లోపల సామానుతో కలిపి 60 నుంచి 70 కిలోలు అనుకోవాలి. తొలినాటి టాటా ఏస్‌ మోయగల సరుకు 750 కిలోలు. అందులో దాదాపు పదో వంతు పెట్టెలకే పోతుందని గుర్తించి, ఆ మేరకు సరుకు తగ్గించుకోవాలి. బరువు తగ్గించాలని పలక మందం తగ్గిస్తే పెట్టె నిలవదు. సామాను తగ్గించుకోవడమే మార్గం.

ఉప్పుగాలికి తట్టుకోవాలి

విశాఖలో ఏ వస్తువుకైనా మొదటి శత్రువు సముద్రపు గాలి. మామూలు ఇనుప మేకులు ఒక వానాకాలం గడిచేసరికి తుప్పుపట్టి చెక్కను నల్లగా మారుస్తాయి. స్టెయిన్‌లెస్‌ స్టీలు లేదా జింకు పూత ఉన్న స్క్రూలే వాడాలి. మేకుల కంటే స్క్రూలు మేలు. గతుకుల రోడ్లమీద కుదుపులకు మేకు వదులై పైకి లేస్తుంది, స్క్రూ అంత త్వరగా లేవదు. అతుకుల్లో చెక్క జిగురు కూడా వేయించాలి.

ప్లైవుడ్‌ కొనేటప్పుడు పలకమీది భారత ప్రమాణాల ముద్ర చూడాలి. ఐఎస్‌ 710 అని ఉంటే అది నీటిని బాగా తట్టుకునే మెరైన్‌ రకం. ఐఎస్‌ 303లో బీడబ్ల్యూఆర్‌ అని ఉన్న రకం కొంత చవక, తేమను ఓ మేరకు ఓర్చుకుంటుంది. ఏ రకమైనా కోసిన అంచుల్లోంచే నీరు లోపలికి పోతుంది. అందుకే అంచులకు ముందుగా ప్రైమరు, ఆపై రెండు పూతలు ఎనామిల్‌ రంగు వేయాలి. లోపలి వైపు లేత రంగు వేస్తే రాత్రిపూట చిన్న వెలుతురులోనూ సామాను కనిపిస్తుంది.

పెట్టె అడుగున నాలుగు మూలలా అర అంగుళం చిల్లులు ఉంచాలి. లోపలికి చేరిన నీరు వాటిగుండా పోతుంది. అడుగున పాత టైరు నుంచి కోసిన రబ్బరు పట్టీలు బిగిస్తే మూడు ప్రయోజనాలు. తొట్టిలో నీరు నిలిచినా చెక్కకు తగలదు, పెట్టె జారదు, రేకుమీద చప్పుడు ఉండదు. చేపలు, మంచు మోసే బండ్లలో ఈ జాగ్రత్త మరీ అవసరం. అలాంటి బండ్లలో సరుకు దించాక తొట్టిని మంచినీటితో కడిగి ఆరబెట్టిన తర్వాతే పడక పరచాలి.

పరుపు రెండంగుళాలు మించనక్కరలేదు. కొబ్బరిపీచు పరుపుకు గాలి ఆడుతుంది, చెమట త్వరగా ఆరుతుంది. స్పాంజి పరుపు మెత్తగా ఉన్నా ఉక్కపోతలో వేడెక్కుతుంది. రెండు ముక్కలుగా కోయించుకుంటే పెట్టెలతోపాటే మడతపెట్టి కట్టుకోవచ్చు.

కట్టు గట్టిగా ఉంటేనే క్షేమం

బండి ఒక్కసారిగా ఆగినప్పుడు తొట్టిలో వదులుగా ఉన్న ప్రతి వస్తువూ ముందుకు దూసుకొస్తుంది. 60 కిలోల పెట్టెలు క్యాబిన్‌ వెనక అద్దాన్ని పగలగొట్టగలవు. పెట్టెలను తొట్టికున్న కొండీలకు రెండు చోట్ల తాడుతోనో, బిగింపు బెల్టుతోనో కట్టాలి. తాడును మూతమీదుగా తిప్పి కడితే గడియ ఊడినా మూత తెరుచుకోదు. తాడు రేకు అంచుకు ఒరిసే చోట పాత ట్యూబు ముక్క చుట్టాలి.

తొట్టి నిండా సరుకు ఎక్కించేటప్పుడు పెట్టెలను క్యాబిన్‌ వెనక అడ్డంగా పెట్టి, ఒకదానిమీద మరొకటి ఉంచాలి. అప్పుడు తొట్టి పొడవులో రెండడుగులే పోతాయి. పైపెట్టె పక్క రేకుల కంటే ఎత్తులో ఉంటుంది కనుక దాన్ని క్యాబిన్‌ వెనక కమ్మీలకు విడిగా కట్టాలి. బరువైన సామాను కిందిపెట్టెలోనే ఉండాలి. పడకను ఒక పక్క అలాగే ఉంచి, రెండో పక్క మాత్రమే సిమెంటు బస్తాల వంటి బరువు పేర్చడం తగదు. బండి ఒకవైపు ఒరిగి, ఘాట్‌ మలుపుల్లో అదుపు తప్పుతుంది.

ఇనుప చువ్వలు, గొట్టాలు ఎక్కించిన బండిలో సరుకుమీద గాని, సరుకు పక్కన గాని పడుకోకూడదు. చువ్వల కట్ట కాస్త దొర్లినా కాలు నలుగుతుంది. పడక తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు, లేదా కదలని సరుకు ఉన్నప్పుడు మాత్రమే.

పైన పరదా.. పక్కన గాలి

వానకు, మంచుకు టార్పాలిన్‌ అవసరం. క్యాబిన్‌ వెనక కమ్మీ నుంచి వెనక తలుపు దాకా మధ్యలో ఒక పొడవాటి గొట్టం నిలబెట్టి, దానిమీదుగా టార్పాలిన్‌ వేసి రెండు పక్కలా కడితే పాకలా నీరు జారిపోతుంది. చదునుగా కడితే నీరు నిలిచి బొజ్జలా కుంగుతుంది. బండి కదిలే ముందు గొట్టం, టార్పాలిన్‌ తీసి కట్టేయాలి. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు పరదా కింద నిద్ర వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ విశాఖను తాకినప్పుడు చెట్లు, హోర్డింగులు, రేకులు ఎలా ఎగిరాయో నగరవాసులకు గుర్తుంది. అలాంటి రాత్రి బండిని చెట్టుకు, స్తంభానికి దూరంగా నిలిపి, గట్టి కట్టడంలో తలదాచుకోవాలి.

టార్పాలిన్‌ను నాలుగు వైపులా బిగించి మూసేయడం తప్పు. తల వైపు, కాళ్ల వైపు కనీసం అడుగు ఖాళీ ఉండాలి. ఆ ఖాళీల్లోంచి దోమలు రాకుండా లోపల దోమతెర కట్టాలి. అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యం మార్గాల్లో తిరిగేవారు దోమతెరను మరువకూడదు. అక్కడ మలేరియా బెడద పాతదే.

ఇంజిను నడుపుతూ మూసిన క్యాబిన్‌లో నిద్రపోవడం, మూసిన పరదా కింద కుంపటి పెట్టుకోవడం ప్రాణాంతకం. పొగలోని కార్బన్‌ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ముందు తలనొప్పి, వికారం కలుగుతాయి. నిద్రలో ఉన్నవాడికి ఆ సూచనా అందదు. మన్యంలో చలికాలపు రాత్రుల్లో వెచ్చదనం కోసం నిప్పు కాక, అదనంగా ఒక దుప్పటి ఉంచుకోవాలి.

ఏ పెట్టెలో ఏమిటి?

తల వైపు పెట్టెలో శుభ్రమైనవి, కాళ్ల వైపు పెట్టెలో నూనె అంటినవి ఉంచడం సులువైన పద్ధతి. మొదటి దానిలో దుప్పటి, దోమతెర, మార్చుకునే దుస్తులు, టార్చిలైటు, ప్రథమ చికిత్స పెట్టె, మంచినీటి డబ్బా. రెండో దానిలో జాకీ, స్పానర్లు, తాళ్లు, చక్రాలకు పెట్టే చెక్కదిమ్మలు, మెరిసే త్రికోణం. తరచుగా వాడేవి పైన, అరుదుగా వాడేవి అడుగున ఉండాలి. త్రికోణం, దిమ్మలు మాత్రం అన్నింటికంటే పైన ఉండాలి. బండి ఆగిన మరుక్షణం కావలసినవి అవే.

బండి కాగితాలను ప్లాస్టిక్‌ సంచిలో పెట్టి క్యాబిన్‌లోనే ఉంచుకోవాలి. డిజిలాకర్‌, ఎం-పరివాహన్‌లలోని ప్రతులు చెల్లుతాయని 2018లోనే కేంద్రం నిబంధన సవరించింది కనుక ఫోనులోనూ పెట్టుకోవచ్చు. నగదును పెట్టెలో ఉంచకూడదు. పెట్టెకు తాళం వేసినా పెట్టెనే ఎత్తుకుపోవచ్చు.

పడక వద్ద చిన్న దీపానికో, ఫోను ఛార్జింగుకో బండి బ్యాటరీ నుంచి తీగ లాగేవారు ఫ్యూజు పెట్టించుకోవాలి. ఫ్యూజు లేని తీగ రేకుకు ఒరిసి నిప్పు రాజుకుంటే పక్కనే చెక్క, పరుపు ఉంటాయని మరువరాదు. ఛార్జింగు దీపం వాడితే ఈ బెడదే ఉండదు.

వంట పొయ్యి, గ్యాస్‌ సిలిండరు పెట్టెలో పెట్టడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. వంటగ్యాస్‌ గాలికన్నా బరువైనది. లీకైతే పైకి పోకుండా పెట్టె అడుగున, తొట్టి మూలల్లో నిలుస్తుంది. ఆపైన అగ్గిపుల్ల గీస్తే చాలు. 1997 సెప్టెంబరు 14న విశాఖ హెచ్‌పీసీఎల్‌ రిఫైనరీలో వంటగ్యాస్‌ లీకై జరిగిన పేలుళ్లు, మంటలు పదుల ప్రాణాలు తీశాయి. అంత పెద్ద కర్మాగారంలో జరిగింది రెండడుగుల పెట్టెలోనూ జరగవచ్చు. సిలిండరు తప్పదనుకుంటే గాలి తగిలేలా, నిలువుగా, పడకకు దూరంగా కట్టాలి. వంట బండి దిగి నేలమీదే చేసుకోవాలి. డీజిలు డబ్బాలకూ ఇదే సూత్రం. రిఫైనరీ, చమురు ట్యాంకర్లు నిలిచే ప్రాంతాల్లో ఎక్కడా నిప్పు ముట్టించకూడదు.

చేయకూడనివి

మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపానికి, రిజిస్ట్రేషన్‌లోని వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. దీనిని 2019 జనవరిలో సుప్రీంకోర్టు మరోమారు స్పష్టం చేసింది. అదే ఏడాది చేసిన చట్ట సవరణ ప్రకారం ఉల్లంఘించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తొట్టిమీద శాశ్వతంగా గది కట్టడం, ఛాసిస్‌కు వెల్డింగు చేయడం, క్యాబిన్‌ వెనక గోడ కోయడం ఈ కోవలోకే వస్తాయి. తాడు విప్పితే దిగిపోయే పెట్టె సామాను కిందే లెక్క. అందుకే ఈ ఏర్పాటులో ఎక్కడా వెల్డింగు లేదు.

కదిలే బండి తొట్టిలో ఎవరూ పడుకోకూడదు. వంతులవారీగా నడుపుతున్నామంటూ తోటివాడిని వెనక పడుకోబెట్టడం తగదు. సరుకు బండిలో ఉచితంగా ప్రయాణించేవారికి ప్రమాదం జరిగితే బీమా సంస్థ బాధ్యత వహించనక్కరలేదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తొట్టిలో పడకకు సీటు బెల్టు లేదు, పట్టుకునేందుకు ఆధారం లేదు.

బండి కింద పడుకునే అలవాటును పూర్తిగా మానుకోవాలి. మధ్యాహ్నం నీడ అక్కడే దొరుకుతుందన్నది నిజమే. కానీ కింద మనిషి ఉన్నాడని తెలియక మరొకరు బండి తీసినా, వాలులో చేతిబ్రేకు వదులైనా తప్పించుకునే వ్యవధి ఉండదు. పక్క బండి వెనక్కి వస్తున్నప్పుడూ అంతే.

ఎక్కడ ఆపాలి?

మంచి పడక ఉన్నా బండి ఆపిన చోటు మంచిది కాకపోతే ఫలితం లేదు. కూర్మన్నపాలెం, లంకెలపాలెం, అనకాపల్లి మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారి అంచున బండి ఆపి నిద్రపోవడం ప్రమాదకరం. వెనక నుంచి వచ్చే లారీ చోదకుడూ నిద్రమత్తులో ఉండవచ్చు. వెలుతురు, కాపలా ఉన్న పెట్రోలు బంకు ఆవరణ, ధాబా, లారీలు నిలిపే స్థలం మేలు. అక్కడ అనుమతి అడిగి ఆపాలి. నేల చదునుగా ఉండాలి. చేతిబ్రేకు వేసి, గేరులో ఉంచి, చక్రాలకు దిమ్మలు పెట్టాలి. తాళంచెవి జేబులో ఉండాలి. తల క్యాబిన్‌ వైపు, కాళ్లు వెనక తలుపు వైపు ఉండేలా పడుకుంటే వెనక నుంచి ఏదైనా తగిలినా తలకు కొంత రక్షణ ఉంటుంది. వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకునేలా చూసుకోవాలి.

నిద్ర లేవగానే స్టీరింగ్‌ ముందు కూర్చోకూడదు. మొహం కడుక్కుని, బండి చుట్టూ ఒకసారి నడిచి, టైర్లు, తాళ్లు చూసుకుని 10 నిమిషాల తర్వాత బయలుదేరాలి. ఆ నడకలో బండి కింద ఎవరైనా పడుకున్నారేమో కూడా చూసినట్టవుతుంది.

పడక ఒక్కటే చాలదు

రెండు పలకల ప్లైవుడ్‌, వడ్రంగికి ఒకటి రెండు రోజుల పని, కాస్త రంగు.. ఏర్పాటంతా ఇంతే. గాజువాక ఆటోనగర్‌ వంటి చోట ఇది తెలియని పనేమీ కాదు. ఛాసిస్‌గా వచ్చిన లారీకి చెక్కతో బాడీ కట్టి, క్యాబిన్‌లో బల్ల అమర్చిన చేతులు ఆటోనగర్‌లలో తరాలుగా ఉన్నాయి. లారీకి చేసిన ఆలోచన చిన్న బండికి చేయడమే మిగిలింది. జీతానికి చోదకులను పెట్టుకున్న యజమానులు పెట్టెల ఖర్చు తామే భరించడం సబబు. ఒక్క ప్రమాదం జరిగితే పోయే సొమ్ముతో పోలిస్తే అది ఏపాటి?

అయితే పడక ఉంది కదా అని రెండు ట్రిప్పులను మూడు చేయమంటే ప్రయోజనం తలకిందులవుతుంది. తొట్టిలోని పడక కునుకుకు, తప్పనిసరి రాత్రి బసకు మాత్రమే. రోజూ ఏడెనిమిది గంటలు పట్టవలసిన ఇంటి నిద్రకు అది సాటి రాదు. సరుకు అప్పగించే వేళను ముందుగా చెప్పడం, రాత్రి వచ్చిన బండిని మరునాడు ఉదయం దాకా పంపకపోవడం సరుకు యజమానుల చేతిలో ఉంది. కళ్లు మూతలు పడుతుంటే ‘గంట ఆలస్యమవుతుంది’ అని ఫోనులో చెప్పి బండి పక్కకు తీయడం చోదకుడి చేతిలో ఉంది. ఆ గంట కోసం రెండు పెట్టెలు సిద్ధంగా ఉంటే చాలు.